మంటను అంగీకరించే అధికారి

మా సమన్వయ శాఖ జిల్లా కార్యాలయానికి వచ్చిన ఆ సర్క్యులర్‌లో పదకొండు క్లాజులు ఉన్నాయి. పదింటిని అందిన రోజునే అమలు చేసేశాం, వాటిలో చేయాల్సింది ఏమీ లేదు కనుక. నాలుగో క్లాజు దగ్గరే చిక్కు వచ్చింది.

మా అయిదంతస్తుల భవనంలో అగ్నిప్రమాద హెచ్చరిక యంత్రం అప్పటికే ఉంది. గదిగదికీ కప్పులో పొగను పసిగట్టే గుండ్రటి తెల్ల బిళ్ళలు, వాటి తీగలన్నీ చేరే పెద్ద పెట్టె ఒకటి. ఆ పెట్టె అయిదో అంతస్తులో తాళం వేసిన గదిలో ఉంటుంది. మంట వస్తే పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. దీపం చూడాలంటే తాళం తీయాలి. తాళం తీయాలంటే మంట వచ్చిందని తెలియాలి. ఈ లోటు పూడ్చడానికే ప్రధాన కార్యాలయం వారు, దానికి నకలుగా ఒక చిన్న డిస్‌ప్లే పానెల్‌ను కింద ఎక్కడైనా పెట్టమన్నారు. పైన వెలిగిన దీపమే కిందా వెలుగుతుంది. ఎక్కడ పెట్టాలన్నదే నాలుగో క్లాజు: "కార్యాలయ వేళలలో బాధ్యత గల ఉద్యోగి నిరంతరము తన సీటులో ఉండు ప్రదేశమున."

జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు ఆ వాక్యం రెండుసార్లు చదివి తలెత్తారు. "కూర్మనాథం గారూ, మన దగ్గర అలాంటి ప్రదేశం ఉందా?"

సూపరింటెండెంటు కూర్మనాథం గారు ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసున్న మనిషి. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. "సర్వే చేయిద్దాం సార్," అన్నారు.

ఆ సర్వే నా మెడకు పడింది. నా పేరు సన్యాసిరావు. కింది అంతస్తులో, వచ్చిన తపాలా తీసుకుని నంబరు వేసే ఇన్‌వార్డు సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. పదిహేను రోజులపాటు రోజుకు మూడుసార్లు రిజిస్టరు పట్టుకుని అయిదంతస్తులూ ఎక్కి దిగాను. ఆ పదిహేను రోజులూ నా సీటు ఖాళీగా ఉందని నేనే రాసుకోవాల్సి వచ్చింది. మొదటి రోజే ఒక ధర్మసందేహం తగిలింది. కుర్చీకి సంచీ వేలాడుతోంది, బల్ల మీద కళ్ళజోడు ఉంది, మనిషి లేడు. ఉన్నట్టా, లేనట్టా? కూర్మనాథం గారిని అడిగాను. ఆయన తేల్చేశారు: "కళ్ళజోడు చూడగలదు గానీ బాధ్యత వహించలేదు. లేనట్టే రాయండి."

నూట నలభై ఆరు కుర్చీల్లో ఒక్కదాని మీదా మూడు పూటలూ మనిషి కనపడలేదు. రిజిస్టరు మూసేముందు, నిజాయితీ కోసం, నూట నలభై ఏడోదిగా ఒక స్టూలు కూడా రాశాను. అది లిఫ్టులో ఉంది. దాని మీద ఎర్నమ్మ ఉంది.

ఎర్నమ్మ మా లిఫ్టు ఆపరేటరు. ఆమె భర్త కూడా ఇక్కడే లిఫ్టు నడిపేవాడు. అతను పోయాక కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఉత్తర్వు చేతికొచ్చేసరికి లిఫ్టు ఆగిపోయింది. ఉత్తర్వులో మాత్రం "లిఫ్టునందు విధులు నిర్వర్తించవలెను" అని ఉంది. కనుక తొమ్మిదేళ్ళుగా ఆమె పది గంటలకల్లా వచ్చి, ఇనుప జాలీ తలుపు లాగి, కదలని లిఫ్టులో స్టూలు వేసుకుని కూర్చుంటోంది. కుర్రకారు వెళ్తూ వెళ్తూ "ఎర్నమ్మా, మూడో అంతస్తు!" అని ఆటపట్టిస్తారు. "మెట్లు అటున్నాయి బాబూ," అని నవ్వేస్తుంది. నా బల్ల ఆమె లిఫ్టుకి ఎదురుగానే. ఒకసారి ఎవరూ లేనప్పుడు నాతో అంది:

"నా గుంట సాయంత్రం అడుగుద్ది బాబూ, అమ్మా, ఇయాల ఏటి సేసినావని. కూసున్నానని ఎన్నాళ్ళు సెప్పను?"

నా సర్వే నివేదిక చూసి పరాంకుశం గారు కొంచెం తటపటాయించారు. "ఆమె నాలుగో తరగతి ఉద్యోగి కదండీ. బాధ్యత గల ఉద్యోగి అనవచ్చా?"

"సర్క్యులర్‌లో తరగతి అడగలేదు సార్, సీటు అడిగారు," అన్నారు కూర్మనాథం గారు.

అలా పానెల్ లిఫ్టులో పెట్టాలని తీర్మానం అయింది.

*

పానెల్ బిగించడానికి గుంటూరు నుంచి మస్తాన్ అనే టెక్నీషియన్ వచ్చాడు. లిఫ్టు చూసి పెట్టె కింద పెట్టేశాడు.

"సార్, ఇది లిఫ్టు. రేపు ఎప్పుడైనా బాగుచేయించి నడిపారనుకోండి, తీగలన్నీ పుటుక్కున తెగిపోతాయి. నేను పెట్టను."

"తొమ్మిదేళ్ళుగా కదల్లేదు," అన్నారు కూర్మనాథం గారు.

"ఇక ముందు కదలదని గ్యారంటీ ఏంటి సార్?"

గ్యారంటీ తెప్పించారు. ఎలక్ట్రికల్ విభాగం వారికి లేఖ వెళ్ళింది. వాళ్ళు వచ్చి, లిఫ్టుని అన్ని వైపులనుంచీ తట్టి చూసి, "సదరు లిఫ్టు కదలదనియు, ఇకముందు కదలుటకు అనుమతింపబడదనియు ఇందుమూలముగా ధృవీకరించడమైనది" అని కాగితం ఇచ్చారు. అంతకుముందు మా లిఫ్టు పాడైపోయిన లిఫ్టు. ఆ రోజునుంచి అది కదలకూడని లిఫ్టు. పింఛను పనిమీద మూడో అంతస్తుకు మెట్లెక్కి వచ్చే ముసలివాళ్ళకు చెప్పడానికి మాకొక కాగితం దొరికింది.

మస్తాన్ రెండు రోజులు పనిచేశాడు. గోడకు తీగలు పాకించాడు, లిఫ్టు లోపలి రేకుకు పానెల్ బిగించాడు. పన్నెండు చిన్న దీపాలు, ఒక్కో దీపం భవనంలో ఒక్కో భాగానికి. కింద రెండు మీటలు. ఎర్నమ్మ స్టూలు బయటికి జరుపుకుని, అతను చేసే ప్రతి పనినీ రెప్పవేయకుండా చూసింది.

"తమ్ముడూ, ఈ తొమ్మిదో దీపం ఏ గది?"

"మూడో అంతస్తు రికార్డు రూము అక్కా. పక్కది పది, అక్కడే ఉన్న హాలు."

"ఎలిగితే మంటేనా?"

"ఒక్కటి వెలిగితే దుమ్ము కావచ్చు, అగరొత్తి కావచ్చు, ఎవరైనా బీడీ కాల్చుండొచ్చు. వెళ్ళి చూడాల. పక్కపక్కవి రెండు వెలిగాయంటే మాత్రం ఇక చూడటాలు లేవు. మనుషుల్ని బయటికి పంపేయాలి. అక్కా, ఈ పెట్టె మంట ఆర్పదు. ఎక్కడుందో చెబుతుందంతే. మిగతాదంతా మనుషులే చేయాలి."

ఆమె ఆ మాటలు పెదవులు కదుపుతూ మళ్ళీ చెప్పుకోవడం నాకు కనిపించింది.

పానెల్‌ను నడిపే పద్ధతి మీద శిక్షణ మాత్రం పరాంకుశం గారికి ఇచ్చారు, సర్క్యులర్‌లో "అధికారులకు శిక్షణ" అని ఉంది కనుక. లిఫ్టులో ఒక కుర్చీ వేశారు. ఎర్నమ్మను బయట నిలబెట్టారు.

"ఈ మొదటి మీట అక్నాలెడ్జ్ సార్," అన్నాడు మస్తాన్. "దీపం వెలగ్గానే పెట్టె కూత పెడుతుంది. మనం ఇది నొక్కితే కూత ఆగుతుంది. రెండోది హూటర్. అది నొక్కితే భవనమంతా సైరన్ మోగుతుంది."

"అక్నాలెడ్జ్ అంటే?"

కూర్మనాథం గారు అందుకున్నారు. "అధికార భాషా విధానం ప్రకారం తెలుగులో చీటీ అతికించాం సార్. 'అంగీకరించు' అని."

పరాంకుశం గారి ముఖం మారింది. "అంటే, మంటను అంగీకరించడమా? నొక్కినవాడు మంట వచ్చిందని ఒప్పుకున్నట్టా?"

"చూశాను అని చెప్పినట్టు సార్," అన్నాడు మస్తాన్.

"చూడటం వేరు నాయనా, అంగీకరించడం వేరు. నేను ఎన్నో చూస్తుంటాను." ఆయన కుర్చీలోంచి లేచారు. "ప్రభుత్వ భవనంలో మంట వచ్చిందని ఒక లిఫ్టు ఆపరేటరు అంగీకరిస్తే, రేపు దానికి జవాబు ఎవరు చెప్పాలి? ఆ హూటరు దానంతటది మోగుతుందా?"

"రెండు దీపాలు వెలిగితే దానంతటదే మోగేలా పెట్టాను సార్."

"తీసెయ్. కార్యాలయ నిర్వహణకు భంగం. అధికారి నొక్కితేనే మోగాలి."

"అది మంచిది కాద్సార్," అన్నాడు మస్తాన్.

"లిఖితపూర్వకంగా ఇస్తాను."

ఇచ్చారు కూడా. మస్తాన్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పినట్టే చేసి, హూటరు ఇక దానంతటది మోగదని ఎర్నమ్మకు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే రెండు మీటల మీదా పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా బిగించి తాళం వేశారు. తాళంచెవి నాలుగో అంతస్తులో పరాంకుశం గారి సొరుగులోకి వెళ్ళింది. ఎర్నమ్మ విధులు నిర్ణయిస్తూ ఉత్తర్వు వచ్చింది. దీపము వెలిగినచో "అగ్ని సమాచార పత్రము" మూడు ప్రతులలో నింపి, ఇన్‌వార్డు సెక్షన్‌లో నంబరు వేయించి, సరైన మార్గంలో పైకి పంపవలెను. చూడవలెను, ముట్టరాదు.

*

మొదటి మంట ఒక శుక్రవారం వచ్చింది. రెండో అంతస్తులో ఎవరో లక్ష్మీదేవి పటానికి ఏకంగా ఒక కట్ట అగరొత్తులు వెలిగించారు. ఏడో దీపం ఎర్రగా వెలిగి పెట్టె కూయడం మొదలెట్టింది. ఎర్నమ్మ ఒక్క పరుగున వెళ్ళి చూసి, అగరొత్తులని తేల్చుకుని, తిరిగొచ్చి, నా చేత మూడు ప్రతులూ నింపించింది. నేను నంబరు వేశాను. కూర్మనాథం గారు "పరిశీలించి సమర్పించడమైనది" అని రాసి పైకి పంపారు. శని, ఆదివారాలు సెలవు. సోమవారం పరాంకుశం గారు క్యాంపులో ఉన్నారు. మంగళవారం మధ్యాహ్నం ఆయన దిగివచ్చి, తాళం తీసి, మీట నొక్కి, ఫైలు మీద రాశారు: "అగ్నిని అంగీకరించడమైనది."

అంతవరకూ ఆ పెట్టె కూస్తూనే ఉంది. ఎర్నమ్మ చెవుల్లో దూది పెట్టుకుని దాని పక్కనే కూర్చుంది. నేను బల్ల వెనక్కి జరుపుకున్నాను.

ఈ సంగతి నివేదికలో వెళ్ళేసరికి ప్రధాన కార్యాలయం నుంచి ప్రశంస వచ్చింది. రాష్ట్రంలో పానెల్ ద్వారా నియమానుసారం అంగీకరింపబడిన మొదటి అగ్ని మాదేనట. ఆ వెంటనే అన్ని జిల్లాలకూ నెలవారీ నమూనా పంపారు. "సంభవించిన అగ్నులు, అంగీకరించిన అగ్నులు, పెండింగు అగ్నులు" అని మూడు గడులు. సున్నా రాస్తే పానెల్ పనిచేయడం లేదా అని తాఖీదు వచ్చేది. అయిదు రాస్తే జాగ్రత్త లేదా అని తాఖీదు వచ్చేది. కూర్మనాథం గారు అనుభవంతో రెండు సరైన సంఖ్య అని కనిపెట్టారు. నెలకు రెండు శుక్రవారాలు రెండో అంతస్తులో అగరొత్తులు వెలిగించమని మౌఖికంగా చెప్పారు. పక్క జిల్లావాళ్ళు ఏ కంపెనీ అగరొత్తులు వాడుతున్నారని ఫోను చేసి అడిగారు.

నెలాఖరుకు పెండింగు ఉండకూడదు. ఒక నెల చివరిరోజున, క్యాంటీనులో పెసరట్టు మాడి ఒక మంట అదనంగా వచ్చిపడింది. దాన్ని అంగీకరిస్తే మూడవుతాయి. కూర్మనాథం గారు దాన్ని వెనక్కి పంపారు: "తగు ఆధారములు జతపరచనందున అగ్నిని తిరస్కరించడమైనది." పెసరట్టు జతచేసి ఉంటే ఏం చేసేవారో తెలియదు.

ఎర్నమ్మ ఈ హడావిడిలో వేరే పని పెట్టుకుంది. పది గంటల తర్వాత సీటు వదలకూడదు కనుక, ఎనిమిదిన్నరకే వచ్చి అంతస్తులన్నీ తిరిగేది. ఏ దీపం ఏ గదో, ఏ గదికి ఎన్ని తలుపులో, ఏ తలుపు తెరుచుకోదో, అన్నీ చూసుకునేది. మూడో అంతస్తు హాల్లో వెనక మెట్లకు ఒక తలుపుంది. దానికి అడ్డంగా అయిదు ఇనుప బీరువాలు పెట్టేశారు. అవి తీయించమని నా చేత అర్జీ రాయించింది. జవాబు వచ్చింది: సదరు బీరువాలు పనికిరానివిగా ప్రకటించు ప్రతిపాదన పరిశీలనలో ఉన్నందున, అంతవరకు వాటి స్థానము మార్చుట నిషిద్ధము.

జవాబు చదివి వినిపించాను. "నిషిద్ధమంటే?" అంది.

"కదపకూడదని."

"ఊఁ," అంది.

*

మేనెల మొదటి మంగళవారం. మంగళవారాలు మాకు సమన్వయ దినం. పింఛను కాగితాల్లో ఒకచోట ఒక పేరు, ఇంకోచోట ఇంకో పేరు ఉన్న ముసలివాళ్ళు వచ్చి రెంటినీ సరిచేయించుకుంటారు. ఆ రోజు నలభై ముగ్గురు మూడో అంతస్తు హాల్లో టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. నాలుగో అంతస్తులో పరాంకుశం గారు వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారు. మాది ఆదర్శ జిల్లా కనుక, పానెల్ నిర్వహణ మీద రాష్ట్రమంతటికీ ఆయనే ప్రసంగిస్తున్నారు. ఎవరూ లోపలికి రాకూడదని గుమ్మం బయట ఎర్ర బల్బు వెలిగించారు.

పదకొండూ నలభైకి పెట్టె కూసింది. నేను తలెత్తలేదు. అలవాటైపోయింది. తర్వాత కూత మారింది, రెండు కూతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు.

"బాబూ," అంది ఎర్నమ్మ. ఆమె లేచి నిలబడి ఉంది. "తొమ్మిదీ, పదీ. రెండూ ఎలిగినాయి."

నేను అప్పుడు అన్న మాట ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను. "ఫారం రాశావా?" అన్నాను.

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసింది. కోపంగా కాదు. తర్వాత స్టూలు రెండు చేతులా ఎత్తి ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టింది. మొదటి దెబ్బకు బీట వారింది, రెండో దెబ్బకు ఊడి కింద పడింది. రెండు మీటలూ నొక్కేసింది. అయిదంతస్తుల్లోనూ హూటరు ఒక్కసారిగా గొంతెత్తింది. ఆ గొంతు మేమెవరమూ అంతవరకు వినలేదు.

"ఫైరింజనుకి ఫోను సెయ్యండి బాబూ. నూటొకటి. సేసీసి పైకి రండి," అని, స్టూలు చంకన పెట్టుకుని మెట్ల మీదకు పరుగెత్తింది.

ఎవరి పేరున ఫోను చేయాలి, ఏ హోదాలో చేయాలి అని నా చెయ్యి రిసీవరు మీద ఆగింది. ఆగిన మాట నిజం. తర్వాత చేశాను. చేసి నేనూ పైకి పరుగెత్తాను.

మూడో అంతస్తులో పెద్ద మెట్ల పక్కనే రికార్డు రూము. ఎయిర్ కూలరు తీగ అంటుకుందని తర్వాత తేలింది. తలుపు సందులోంచి నల్లగా పొగ వస్తోంది. నేను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దాటుకుని హాల్లోకి వెళ్ళాను. ముసలివాళ్ళు పొగ వస్తున్న వైపే, అంటే తాము వచ్చిన మెట్ల వైపే, ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఎర్నమ్మ హాలు అవతలి మూల నుంచి కేకేస్తోంది.

"అటు కాదర్రా! ఇటు! ఇటు రండి!"

వెనక తలుపు తెరిచి ఉంది. బీరువాలు అయిదూ గోడవారకు ఒదిగి ఉన్నాయి. మనిషి పట్టేంత దారి. తలుపు మూసుకుపోకుండా స్టూలు అడ్డంపెట్టింది. తర్వాత తెలిసింది నాకు. ఆమె, ఊడ్చే నూకాలూ కలిసి, రోజూ పొద్దున్నే ఆ బీరువాలను జానెడు చొప్పున జరుపుకుంటూ వచ్చారట. జానెడు మార్పు ఏ రిజిస్టరులోనూ కనపడదు.

ఒక్కొక్కరినే దింపాం. చెవులు వినపడని ఒక పెద్దాయన టోకెను చూపించి లేవనన్నాడు. లేస్తే వరస పోతుందని ఆయన భయం. ఎర్నమ్మ ఆయన చెవి దగ్గర అరిచింది: "నీ లంబరు నాను రాసుకున్నాను తాతా! నీదే ముందు! నడు!" ఆయన లేచాడు. మోకాళ్ళు పట్టేసిన ఒక అవ్వను నేను ఎత్తుకున్నాను. నా జన్మలో నేను ఎత్తుకున్నవి ఫైళ్ళే. అవ్వ వాటికన్నా తేలిగ్గా ఉంది.

నాలుగో అంతస్తులో ఏం జరిగిందో కాన్ఫరెన్సులో ఉన్నవాళ్ళు చెప్పగా విన్నాం. హూటరు మోగగానే రాష్ట్రమంతా చప్పట్లు కొట్టారట. "శబ్దం చాలా స్పష్టంగా వినబడుతోంది," అని పై అధికారి మెచ్చుకున్నారట. పరాంకుశం గారు తలవంచి ధన్యవాదాలు చెప్పారట. కాసేపటికి పై అధికారి, "ప్రదర్శన బాగా సహజంగా ఉందండీ. వెనకాల పొగ కూడా ఏర్పాటు చేశారా?" అని అడిగారట. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూశారట.

ఆయన సొరుగులోంచి తాళంచెవి తీసుకుని, వెనక మెట్లమీదుగా దిగి మూడో అంతస్తు తలుపు దగ్గరకు వచ్చేసరికి ముసలివాళ్ళు ఇంకా పదిమంది ఉన్నారు. ఎర్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యగోరూ, పక్కకి. ముందు ముసిలోల్లు."

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డారు. పదిమందీ దిగేవరకు నిలబడే ఉన్నారు. అది మాత్రం ఆయన గురించి చెప్పి తీరాలి.

నలభై ముగ్గురూ ఆవరణలో వేపచెట్టు నీడకు చేరారు. ఎర్నమ్మ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఫైరింజను వచ్చి నీళ్ళు కొట్టింది. రికార్డు రూము, సగం హాలు బూడిదయ్యాయి. మనుషులకు దగ్గు తప్ప ఏమీ కాలేదు. పరాంకుశం గారు ముఖం తుడుచుకుని, చేతిలో ఉన్న తాళంచెవి వైపు చూసి, మా అందరి వైపూ తిరిగి అడిగారు:

"ఎవరు అంగీకరించారు?"

*

ఎర్నమ్మకు మెమో ఇచ్చారు. మూడు అభియోగాలు. ప్రభుత్వ ఆస్తియైన ప్లాస్టిక్ డబ్బాను ధ్వంసం చేయుట. తన హోదాకు మించి అగ్నిని అంగీకరించుట. నిరంతరము ఉండవలసిన సీటును వదలి వెళ్ళుట. వారంలోగా వివరణ ఇవ్వాలి.

ఆమెకు సంతకం వచ్చు గానీ రాయడం అంతంతమాత్రం. మెమో పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. నాకు ఇలాంటివి రాయడం వెన్నతో పెట్టిన విద్య. చకచకా రాసి చదివాను: "అనివార్య పరిస్థితులలో సదరు డబ్బా పగులగొట్టబడినది. తదుపరి మీటలు నొక్కబడినవి."

"ఎవలు పగలగొట్టినారని ఉన్నాది ఇందల?"

"ఎవరూ లేరు. అందులోనే ఉంది కిటుకు. నిన్నెవరూ పట్టుకోలేరు."

ఆమె ఆ కాగితాన్ని నా వైపు జరిపింది.

"ఇన్నేళ్ళలో నాను సేసిన పని ఇదొక్కటే బాబూ. దీన్లోంచి కూడా నన్ను తీసీస్తారా?"

నేను ఆ కాగితం చింపేశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంకోటి రాశాను. "డబ్బా నేను పగలగొట్టాను. మీటలు నేను నొక్కాను. మళ్ళీ రెండు దీపాలు వెలిగితే మళ్ళీ నొక్కుతాను." ఆమె నిదానంగా, అక్షరం అక్షరం విడిగా సంతకం పెట్టింది. ఆమె వెళ్ళాక నేను కాగితం ఎదురుగా పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి కింద ఒక లైను చేర్చాను: "ఫైరింజనుకు ఫోను నేను చేశాను." నా పేరు పూర్తిగా రాశాను.

విచారణకు ప్రధాన కార్యాలయం నుంచి డిప్యూటీ డైరెక్టర్ చయనులు గారు వచ్చారు. సన్నగా, నెరిసిన మీసంతో, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వివరణ చదివి కళ్ళు మూసుకున్నారు.

"ఇరవయ్యెనిమిదేళ్ళుగా విచారణలు చేస్తున్నాను. 'నేను చేశాను' అని రాసిన వివరణ ఇదే మొదటిది. చేయలేదని రాస్తే ఏం చేయాలో రూల్సులో ఉంది. చేశానని రాస్తే ఏం చేయాలో ఎక్కడా లేదు." ఎర్నమ్మ వైపు తిరిగారు. "అమ్మా, మంటను నువ్వు అంగీకరించావా?"

"నాను ఒప్పుకుంటే వచ్చినాదా బాబూ అది? దానంతటదే వచ్చీసినాది. జనం పోకుండా సూసుకున్నాను."

"సీటు వదిలి వెళ్ళావని ఉంది."

"వదల్నేదు బాబూ. నా సీటు స్టూలే. కూడా అట్టుకెళ్ళినాను. తలుపుకి అడ్డం ఏసింది అదే."

చయనులు గారు నా వైపు చూశారు. నేను అవునన్నట్టు తలూపాను. "సీటు వదలినట్లు రుజువు కాలేదు," అని చెబుతూ రాసుకున్నారు.

తర్వాత పరాంకుశం గారి వాంగ్మూలం. సమర్థుడైన అధికారి అంగీకరించనందున, సదరు అగ్ని ఇంకా పెండింగులో ఉన్నదని ఆయన వాదన.

"మూడో అంతస్తు కాలిందా, లేదా?" అని అడిగారు చయనులు గారు.

"కాలిన మాట వాస్తవం. అంగీకరించిన మాట అవాస్తవం."

"అగ్ని లేదంటే, లేని అగ్నిని ఆమె అంగీకరించడం నేరం కాదు. ఉందంటే, దాన్ని అంగీకరించే తాళంచెవి ఆ వేళ ఎక్కడుందో మీరు రాసివ్వాలి. ఏది రాయమంటారు?"

పరాంకుశం గారు మంచినీళ్ళు తెప్పించుకుని తాగారు. అభియోగాలు విరమించుకోవడమే సమన్వయానికి మంచిదని తామే సూచించారు. ప్లాస్టిక్ డబ్బా సంగతి ఏమిటని కూర్మనాథం గారు గుర్తుచేశారు గానీ, కొత్త డబ్బా ఎందుకు కావాలో రాసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మీటలు తెరిచే ఉండిపోయాయి. మస్తాన్‌ను మళ్ళీ పిలిపించి హూటరును దానంతటది మోగేలా మార్పించారు. పరాంకుశం గారు ఆర్నెల్లలో ప్రమోషను మీద వెళ్ళారు. రికార్డులు కాలిపోవడంతో ఆ నలభై ముగ్గురి పాత పేర్లు లేకుండా పోయాయి. సరిచేయాల్సింది ఏమీ మిగలక, వాళ్ళు ఇప్పుడు చెబుతున్న పేర్లే రాసుకున్నాం.

అది తర్వాతి సంగతి. విచారణ ముగిసిన ఆ సాయంత్రం నేను బల్ల సర్దుకుంటున్నాను. చయనులు గారు సంచీ పట్టుకుని బయటికి పోతూ లిఫ్టు దగ్గర ఆగారు. ఎర్నమ్మ లేచి నిలబడింది. ఆయన పానెల్ వైపు చూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, మా ఆఫీసులో ఇది నా గదిలోనే పెట్టారు. రెండేళ్ళయింది. దీన్ని చదవడం నాకు తెలీదు. ఒక్కసారి చెబుతావా?"

ఎర్నమ్మ స్టూలు కొంగుతో తుడిచి ఆయన ముందు వేసింది. ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లాడిలా కూర్చున్నారు.

"దీపాలు తరవాత సెప్తాను బాబూ," అంది. "ముందు మీ ఆఫీసులో తలుపులు ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో సెప్పండి."

చయనులు గారు చెప్పడానికి నోరు తెరిచారు. ఒక వేలు మడిచారు. రెండో వేలు సగం మడిచి ఆగిపోయారు. ఎర్నమ్మ తొందరపెట్టలేదు.